గోలీ మానొద్దు, బొక్కల్ని మరవొద్దు

రొమ్ము క్యాన్సర్ వైద్యం నడుస్తున్న అక్కచెల్లెళ్లకు ఎముకల సంగతి

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, కీమో సూదులు అయి, కరెంటు పెట్టడం కూడా ముగిసిన ఆడమనిషి చేతికి దవాఖానావాళ్లు చివర్లో ఒక చిన్న గోలీ ఇస్తారు. రోజుకొకటి, ఐదేళ్లు మింగమంటారు. కొందరికి ఇంకా ఎక్కువ కాలం. అప్పటికి జుట్టు మళ్లీ మొలుస్తుంటుంది, చూడవచ్చే చుట్టాలు తగ్గుతారు, ఇంట్లోవాళ్లు "గండం గడిచింది" అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ గోలీతోపాటే ఇంకో పని మొదలవుతుందని మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు. అది ఎముకలను కాపాడుకునే పని.

నేను షోలాపూర్ పూర్వభాగంలో పుట్టి పెరిగినదాన్ని. మా నాయన గిరణిలో సాంచాల మీద పనిచేశాడు. అమ్మా నేనూ బీడీలు చుట్టాం. నాకు 51వ ఏట ఆపరేషన్ అయింది, ఇప్పుడు 54. మూడేళ్లుగా రోజూ రాత్రి అన్నం తిన్నాక లెట్రోజోల్ గోలీ వేసుకుంటున్నాను. నేను డాక్టరును కాను. నా వైద్యంలో డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, నాలాంటి ఆడవాళ్లతో దవాఖానా బెంచీల మీద కూర్చుని విన్నది రాస్తున్నాను. మీ మందుల విషయంలో మీ డాక్టరు మాటే చివరి మాట.

ఏ గోలీ, ఎందుకు?

ముందు మీ ఫైలు తీయండి. ఆపరేషన్‌లో తీసిన ముక్క పరీక్ష రిపోర్టులో ఇ.ఆర్., పి.ఆర్. అని రెండు అక్షరాల జంటలు ఉంటాయి. వాటి పక్కన పాజిటివ్ అని ఉంటే, ఆ క్యాన్సర్ ఆడవాళ్ల ఒంట్లో ఊరే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మీద బతికే రకం అన్నమాట. దానికి ఆ మేత అందకుండా చేయడానికే ఐదేళ్ల గోలీ.

ఈ గోలీలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి టామోక్సిఫెన్. ఇది ఈస్ట్రోజెన్‌ను క్యాన్సర్ కణం గడప దగ్గరే ఆపుతుంది. ముట్లు ఆగిన ఆడవాళ్లకు ఇది ఎముకల్లో ఈస్ట్రోజెన్ లాగే పనిచేసి కొంత మేలు కూడా చేస్తుంది. రెండో రకంలో లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ ఉన్నాయి. ముట్లు ఆగాక కూడా ఒంట్లోని కొవ్వు కొంచెం కొంచెంగా ఈస్ట్రోజెన్ తయారు చేస్తూనే ఉంటుంది. ఇవి దాన్ని కూడా దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. క్యాన్సర్‌కు మేత పోతుంది. దాంతోపాటే ఎముకకు ఉన్న కావలి కూడా పోతుంది.

ఇంకా ముట్లు వస్తున్న చిన్న వయసువాళ్లకు మరో దారిలో ఇదే జరుగుతుంది. కీమోతో ముట్లు ఆగిపోవచ్చు. అండాశయాలు పనిచేయకుండా నెలనెలా లేదా మూడు నెలలకోసారి సూది ఇవ్వవచ్చు, లేదా వాటిని తీసేయవచ్చు. మన దేశంలో ఆడవాళ్లకు ముట్లు సగటున 46, 47 ఏళ్లకు ఆగుతాయి. వైద్యం వల్ల 38 ఏళ్లకే ఆగిపోయిన చెల్లె ఎముకలు ఎనిమిది, తొమ్మిదేళ్లు ముందుగానే అరగడం మొదలుపెడతాయి.

ఎముక కూడా నేసిన బట్టే

గిరణి, సాంచా చూసిన ఇళ్లకు ఇది చెప్పడం తేలిక. ఎముక అంటే రాయి కాదు. ఒకసారి నేసి పక్కన పెట్టిన బట్ట కూడా కాదు. మన ఒంట్లో రోజూ ఇద్దరు పనివాళ్లు దాని మీద పనిచేస్తుంటారు. ఒకడు పాతబడిన పోగు విప్పుతాడు, ఇంకొకడు ఆ చోట కొత్త పోగు నేస్తాడు. ఇద్దరూ సమానంగా పనిచేస్తే బట్ట గట్టిగా ఉంటుంది. విప్పేవాడు తొందరపడకుండా చూసే జాబరే ఈస్ట్రోజెన్. జాబర్ సెలవు పెట్టిన రోజు విప్పేవాడికి అడ్డు ఉండదు. నేసేవాడు వెనకబడతాడు. బట్ట పలచబడుతుంది.

ముట్లు ఆగిన ఆడవాళ్లకు మామూలుగానే ఏటా 1 శాతం దాకా ఎముక తరుగుతుంది. లెట్రోజోల్ రకం గోలీలు వాడేటప్పుడు అది ఏటా 2 శాతం దగ్గరికి వస్తుంది. వైద్యం వల్ల ముట్లు ఒక్కసారిగా ఆగిన చిన్న వయసువాళ్లకు మొదటి ఏడాది ఇంకా వేగంగా తరుగుతుంది. ఈ తరుగుదలకు నొప్పి ఉండదు, వాపు ఉండదు. మోరీలో కాలు జారి చెయ్యి ఆనించినప్పుడు మణికట్టు పుటుక్కున విరిగేదాకా తెలియదు. ఆ రెండు రకాల గోలీలను పోల్చి చూసిన అటాక్ అనే పెద్ద అధ్యయనంలో, ఐదేళ్లు దాటేసరికి అనస్ట్రోజోల్ వాడినవాళ్లలో 100కు 11 మందికి, టామోక్సిఫెన్ వాడినవాళ్లలో 100కు సుమారు 8 మందికి ఎక్కడో ఒకచోట ఎముక విరిగింది.

మన ఇళ్లలో మణికట్టు విరగడమంటే ఒక్క చెయ్యి విరగడం కాదు. మా గల్లీలో ఒక అత్తమ్మకు అలాగే అయింది. కట్టు విప్పేదాకా బీడీలు లేవు, ఇంటి పని కోడలి మీద పడింది, కోడలి బీడీలు సగానికి తగ్గాయి. తుంటి ఎముక విరిగితే మంచం తప్పదు. క్యాన్సర్‌ను గెలిచి వచ్చిన మనిషి ఇలా మంచాన పడకూడదనే నా బాధ.

నొప్పులొస్తే గోలీ మానేయాలా?

ఇది అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. లెట్రోజోల్ రకం గోలీలతో చాలామందికి పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుంటాయి, మోకాళ్లు, నడుము పట్టేస్తాయి. బీడీ చుట్టే వేళ్లకు అది పెద్ద కష్టం. నాతోపాటు దవాఖానాకు వచ్చే ఒక వదినె నాలుగో నెలలో అన్నది: "క్యాన్సర్ పోయిందని వాళ్లే చెప్పిన్రు గదా, మళ్ల ఈ గోలీ ఎందుకు? బొక్కలన్నీ పీకుతున్నయ్. నేనైతే బంద్ చేసిన."

రెండు నెలలు ఆమె గోలీ ముట్టలేదు. తరువాతి చెకప్‌లో డాక్టరమ్మకు ఆ మాట చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. కొన్ని రోజులు ఆగి, లెట్రోజోల్ బదులు అదే రకంలోని ఇంకో గోలీ రాసిచ్చింది. ఒకటి పడనివాళ్లకు ఇంకొకటి పడుతుందట. అదీ కాకపోతే టామోక్సిఫెన్‌కు మార్చే దారి కూడా ఉంటుందట. ఇప్పుడు వదినె రోజూ వేసుకుంటోంది. నొప్పి పూర్తిగా పోలేదు గాని పని ఆగడం లేదు.

గోలీ వేసుకోవడం ఆగితే క్యాన్సర్ తిరిగి వచ్చే అపాయం పెరుగుతుంది. ఇంట్లో కూర్చుని మానేయడం వేరు, డాక్టరుకు చెప్పి మార్పించుకోవడం వేరు. నొప్పికి నడక కూడా మందే. వారానికి 150 నిమిషాలు వేగంగా నడిచి, కండరాలకు కసరత్తు చేసిన ఆడవాళ్లకు ఈ గోలీల వల్ల వచ్చే కీళ్లనొప్పులు తగ్గాయని అమెరికాలో జరిగిన అధ్యయనం చూపించింది.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. గోలీ వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు చేతులకూ రెండు కాళ్లకూ ఉంటుంది, కాస్త కదిలితే సడలుతుంది. అలా కాకుండా ఒకే చోట, వెన్నులోనో తుంటిలోనో పక్కటెముకలోనో, వారాల తరబడి పెరుగుతూ రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే చెకప్ తారీఖు దాకా ఆగకండి, వెళ్లి చూపించుకోండి. వెన్నునొప్పితోపాటు కాళ్లు బలం తప్పినా, తిమ్మిరెక్కినా, ఒంటేలు మీద పట్టు తప్పినా అదే రోజు దవాఖానాకు చేరాలి.

డెక్సా పరీక్ష

ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే పరీక్ష పేరు డెక్సా. బల్ల మీద పడుకుంటే పైన ఒక చెయ్యిలాంటిది కదులుతుంది. పావుగంటలో అయిపోతుంది. సూది లేదు, నొప్పి లేదు, ఎక్స్‌రే కిరణాలు చాలా తక్కువ. నడుము, తుంటి ఎముకలను కొలిచి టి-స్కోర్ అనే అంకె ఇస్తారు. అది మైనస్ 1 కంటే పైన ఉంటే బాగున్నట్టు. మైనస్ 1కి, మైనస్ 2.5కి మధ్య ఉంటే ఎముక పలచబడుతున్నట్టు. మైనస్ 2.5, ఇంకా కింద ఉంటే ఎముక గుల్లబారినట్టు. లెట్రోజోల్ రకం మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, తరువాత ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఈ పరీక్ష చేయించాలి.

నేను మొదట చూపించుకున్న ఒక ప్రైవేటు దవాఖానాలో ఏడాదిపాటు ఈ పరీక్ష మాటే రాలేదు. తరువాత ఇంకో డాక్టరు రాసిస్తే చేయించుకున్నాను. నడుము దగ్గర మైనస్ 2.1 వచ్చింది. అందుకే అంటున్నాను, వాళ్లు చెప్పకపోతే మనమే అడగాలి.

రెండు చోట్ల మనవాళ్లు తికమక పడుతున్నారు. ఫైల్లో బోన్ స్కాన్ అని ఉంటే అది డెక్సా కాదు. బోన్ స్కాన్‌లో సూదితో మందు ఎక్కించి, క్యాన్సర్ ఎముకలకు పాకిందా అని చూస్తారు. ఎముక ఎంత బలంగా ఉందో అది చెప్పదు. ఇంకోటి, మందుల దుకాణాల ముందు ఉచిత శిబిరం పెట్టి, మడమ దగ్గర మిషన్ ఆనించి కాగితం ఇస్తుంటారు. అది పైపై అంచనా మాత్రమే. దాన్ని చూసి భయపడి మందులు కొనొద్దు. బాగుందని వచ్చినా డెక్సా మానొద్దు.

ఆరు నెలల సూది, మిశ్రీ అలవాటు

ఎముక బాగా తరుగుతున్నవాళ్లకు డాక్టర్లు మందు ఇస్తారు. వారానికో గోలీ రకం ఉంది. దాన్ని పొద్దున పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. చాయ్‌తో మింగితే ఒంటికి పట్టదు. క్యాన్సర్ వైద్యంలో ఎక్కువగా వాడేది జోలెడ్రోనిక్ యాసిడ్ సూది. ఆరు నెలలకోసారి సెలైన్‌లో కలిపి కనీసం 15 నిమిషాలు ఎక్కిస్తారు. ముందు రక్తపరీక్షతో కిడ్నీలు, కాల్షియం చూస్తారు. మొదటిసారి నాకు ఆ రాత్రి జ్వరమూ ఒళ్లునొప్పులూ వచ్చాయి, రెండో రోజుకు తగ్గాయి. రెండోసారి అంతగా రాలేదు.

ఈ సూది ఎముక కోసం మాత్రమే కాదు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 26 అధ్యయనాల్లోని 18,766 మంది ఆడవాళ్ల లెక్కలు కలిపి చూశారు. ఈ రకం మందు వాడినవాళ్లలో ముట్లు ఆగినవారికి ఎముకల్లో క్యాన్సర్ తిరగబెట్టడం సుమారు 28 శాతం, రొమ్ము క్యాన్సర్ మరణాలు 18 శాతం తగ్గాయి. వందలో 28 మంది బతికారని కాదు. మందు లేకుండా ఎముకల్లో తిరగబెట్టేవాళ్లు నలుగురుంటే, మందుతో అది సుమారు ముగ్గురికే అయిందని అర్థం.

డెనోసుమాబ్ అని ఇంకో సూది ఉంది. అదీ ఆరు నెలలదే. కాని అది ఆలస్యం చేసినా, డాక్టరుకు చెప్పకుండా మానినా వెన్ను ఎముకలు విరిగే అపాయం ఉంది. ఖర్చు కుదరకపోతే ముందుగానే చెప్పి వేరే మందుకు మార్పించుకోండి.

ఇక పళ్ల సంగతి. ఈ మందులు వాడేవాళ్లలో కొద్దిమందికి, ముఖ్యంగా పన్ను పీకించుకున్నాక, దవడ ఎముక మానకుండా చెడిపోతుంది. అందుకే సూది మొదలుకాకముందే పళ్ల డాక్టరుకు చూపించి, పీకాల్సినవి పీకించి, పుండు మానాక సూది వేయించుకోవాలి. మన బీడీ ఇళ్లలో మిశ్రీతో పళ్లు తోమే అలవాటు ఇంకా పోలేదు. మిశ్రీ అంటే కాల్చిన తంబాకే. చిగుళ్లను అది తింటుంది, నోటి క్యాన్సర్‌కూ దారి తీస్తుంది. సూది మొదలయ్యాక ఏ పళ్ల డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఈ మందు పేరు చెప్పండి.

తిండి, ఎండ

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్కలో పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ముట్లు ఆగిన ఆడవాళ్లకు 1200. మన జొన్న భాకరిలో బలం ఉంది గాని కాల్షియం తక్కువ. అందుకని నేను ఇలా చూసుకుంటాను. రెండు గ్లాసుల పాలు లేదా అంత పెరుగు తీసుకుంటే 480 దాకా వస్తుంది. పూటకొక భాకరి రాగిపిండితో చేస్తే, 50 గ్రాముల పిండికి 175. పొట్టుతో ఉన్న నువ్వులు ఒక చెంచా శేంగ చట్నీలో కలిపితే 100 దాటుతుంది. పొట్టు తీసిన తెల్లనువ్వుల్లో అంత ఉండదు. పిడికెడు మునగాకు పప్పులో వేస్తే ఇంకో 90. పాలకూరలో కాల్షియం ఉన్నా ఒంటికి సరిగా పట్టదు. పప్పు, గుడ్డు, శనగలు కూడా కావాలి, ఎముక బట్టకు అవీ పోగులే.

ఇంత తిన్నా లోటు ఉంటుంది. అది గోలీతో పూడ్చాలి. డబ్బా మీద కాల్షియం కార్బోనేట్ 1250 అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. ఐరన్ గోలీతో కలిపి వేసుకోవద్దు. థైరాయిడ్ గోలీకి నాలుగు గంటల ఎడం ఉండాలి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టరుకు చెప్పాకే వాడాలి.

కాల్షియం ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి. షోలాపూర్ ఎండలకు లోటు లేదు. కాని పొద్దున నుంచి సాయంత్రం దాకా గదిలో చాట ముందు కూర్చునే మన చర్మానికి ఆ ఎండ ఎక్కడ తగులుతుంది? ఎండాకాలం తప్ప మిగతా రోజుల్లో పదకొండు గంటల వేళ చేతులు, కాళ్లు బయటపెట్టి ఇరవై నిమిషాలు కూర్చోండి. కరెంటు పెట్టిన చోట మాత్రం ఎండ తగలకుండా కప్పుకోవాలి. రక్తపరీక్షలో డి బాగా తక్కువ వస్తే ఎండ ఒక్కటే చాలదు, 60,000 యూనిట్ల పొడి రాస్తారు. దాన్ని రాసినన్ని వారాలే వాడండి. అలవాటుగా ఏళ్ల తరబడి వేసుకుంటే కాల్షియం ఎక్కువై వేరే జబ్బు తెస్తుంది.

నీళ్లరోజు, మోరీ, చాట

మోయకపోతే ఎముక బలపడదు. నడవడం, మెట్లెక్కడం, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం మంచివి. కాని ఎముక ఇప్పటికే పలచబడ్డవాళ్లు నడుము వంచి బరువు ఎత్తొద్దు. నాలుగైదు రోజులకోసారి నీళ్లొచ్చే ఊరు మనది. నీళ్లరోజున నిండు హండాలు ఎత్తేది ఎప్పుడూ ఆడవాళ్లే. ఇంట్లో మగపిల్లలున్నారు, పైపు ముక్క కొంటే డ్రమ్ము దాకా నీళ్లు అవే వస్తాయి. ఈ ఒక్క పని ఇంటి మగవాళ్లు తీసుకోవాలి.

బీడీ చుట్టేవాళ్లు గోడకు ఆనుకుని కూర్చుని, చాటను చిన్న పీట మీద పెట్టుకుంటే మెడ, నడుము అంత వంగవు. అరగంటకోసారి లేచి గల్లీ చివరిదాకా పోయి రండి. పాక్లిటాక్సెల్ కీమో తీసుకున్నవాళ్లలో కొందరికి అరికాళ్లు మొద్దుబారుతాయి, నేల సరిగా తెలియదు. అలాంటివాళ్లు ఇంట్లో కూడా మడమకు పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. మోరీ నేలను రోజూ రుద్ది పాచి లేకుండా ఉంచండి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించడానికి మేస్త్రీకి గంట పని. రాత్రి మోరీ దారిలో చిన్న బల్బు ఉంచండి.

ఈసారి చెకప్‌లో అడగాల్సినవి

మా వైపు నుంచి కొందరు సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని బార్శీ నర్గీస్ దత్ స్మారక క్యాన్సర్ దవాఖానాకు పోతారు, కొందరు ముంబై టాటాకు పోతారు. ఎక్కడికి పోయినా డాక్టరు ముందు ఐదు నిమిషాలే దొరుకుతాయి. పెద్దవాళ్లకు మరాఠీ తడబడుతుంది. అందుకని ఒక వాక్యం నేర్చుకుని పోండి: "మాఝ్యా హాడాంచీ తపాసణీ కరాయచీ కా?" నా ఎముకల పరీక్ష చేయించాలా అని అర్థం. మిగతావి కూతురో కోడలో కాగితం మీద రాసి ఫైల్లో పెడితే చాలు.

1. నా గోలీ ఏ రకం? ఎన్నేళ్లు వాడాలి?
2. డెక్సా చేశారా? టి-స్కోర్ ఎంత? మళ్లీ ఎప్పుడు?
3. రక్తంలో డి విటమిన్, కాల్షియం చూశారా?
4. నాకు ఎముకల సూది అవసరమా? పళ్లు ముందే చూపించుకోవాలా?
5. ఈ నొప్పి గోలీ వల్లేనా? గోలీ మార్చవచ్చా?
6. జన ఆరోగ్య యోజనలో నాకు ఏవి వస్తాయి, ఏవి చేతి నుంచి పెట్టుకోవాలి?

ఆరో ప్రశ్న డాక్టరును కాదు, దవాఖానాలో యోజన కౌంటర్ దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్రను అడగాలి. బయట కొనాల్సి వస్తే, చీటీ మీద మందు అసలు పేరు రాయించుకుని జన ఔషధి దుకాణంలో ధర అడగండి. పెద్ద కంపెనీ డబ్బాకూ దానికీ ధరలో చాలా తేడా ఉంటుంది.

మీ ఇంట్లో ఈ వైద్యం ఎవరికీ లేకపోవచ్చు. మీ గల్లీలో ఒకరికి ఉండే ఉంటుంది. ఆమెకు చదువు రాకపోతే ఈ పేజీ తీసుకుపోయి చదివి వినిపించండి, ఆమె ఫైలు తీసి డెక్సా కాగితం ఉందో లేదో చూడండి. గోలీ మానేసిందని తెలిస్తే తిట్టొద్దు. ఎందుకు మానేసిందో అడిగి, తోడుగా దవాఖానాకు పోండి.